మూడు ముక్కల్లో మనసు

*టారో పేకకు భవిష్యత్తు తెలియదు. ఎదుటివారి మనసూ తెలియదు. అయినా మన మనసు మనం చదువుకోవడానికి అది పనికొస్తుంది. ఎలా? ఎంతవరకు?*

రాత్రి పదకొండున్నర. ఇంట్లో అందరూ పడుకున్నారు. చీకట్లో ఫోన్ వెలుతురు ఒక్కటే. వీడియోలు ఒకదాని వెనక ఒకటి పైకి నెట్టుకుంటూ పోతున్న వేలు ఓ చోట ఆగింది. నల్లటి గుడ్డ మీద మూడు పేక దొంతరలు, పక్కన వెలుగుతున్న కొవ్వొత్తి, ముక్కలు కలుపుతున్న రెండు చేతులు. ‘ఈ వీడియో మీ కంట పడిందంటే ఊరికే కాదు. కళ్లు మూసుకుని ఒక దొంతర ఎంచుకోండి. మీరు తలచుకుంటున్న మనిషి మీ గురించి ఏమనుకుంటున్నారో చెబుతాను’ అంటోంది ఓ గొంతు. చూస్తున్నది ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది అమ్మాయి కావచ్చు. అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ ఉద్యోగం కోసం తిరుగుతున్న అబ్బాయి కావచ్చు. డాలస్‌లో వీసా గడువు లెక్కపెట్టుకుంటున్న భార్యాభర్తలు కావచ్చు. నవ్వుకుంటూనే మధ్య దొంతర ఎంచుకుంటారు. ఆ గొంతు చెప్పిన పది మాటల్లో రెండు సూటిగా గుండెకు తగులుతాయి. దీనికెలా తెలిసిందన్న ఆశ్చర్యంతో నిద్ర పట్టదు. మర్నాడు రాత్రి అదే వీడియో కోసం వెతుకుతారు.

ఆ వీడియోలోవి టారో ముక్కలు. ఒకప్పుడు ఇంగ్లిషు సినిమాల్లో తప్ప కనిపించని ఈ పేక ఇప్పుడు ఫోన్‌లో ఆర్డరిస్తే గుమ్మంలోకి వచ్చేస్తోంది. ఒక్క మన దగ్గరే కాదు. అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో జరిపిన సర్వేలో, పెద్దవాళ్లలో దాదాపు 30 శాతం మంది ఏడాదికి ఒక్కసారైనా జ్యోతిషాన్నో, టారోనో, జోస్యం చెప్పేవారినో ఆశ్రయిస్తామన్నారు. వాళ్లలో ఎక్కువమంది అది సరదా కోసమేనని కూడా చెప్పారు. అయితే దీనిపై జరిగే వాదనలు మాత్రం సరదాగా ఉండవు. నమ్మేవాళ్లు ముక్కకు అంతా తెలుసంటారు. నమ్మనివాళ్లు అట్టముక్కకు ఏం తెలుస్తుందని కొట్టిపారేస్తారు. ఇద్దరి వాదనా ముక్క చుట్టూనే తిరుగుతుంది, ముక్కను చూస్తున్న మనిషి దగ్గరికి రాదు. ముక్కకు ఏమీ తెలియదన్నది నిజం. కానీ దానికి ఏమీ తెలియదు కాబట్టే, దాన్ని చూసి మనం చెప్పే ప్రతి మాటా మన లోపలి నుంచే రావాలి. టారో వల్ల కలిగే మేలంతా ఆ ఒక్క విషయంలోనే ఉంది. ముక్కకు మహిమ అంటగట్టిన మరుక్షణం ఆ మేలు పోతుంది. ఈ మాట నిలబడాలంటే ముందు టారో పుట్టుక చూడాలి.

పుట్టింది పేకాట కోసం

ఈజిప్టు మమ్లూకుల రాజ్యం వైపు నుంచి పేక ముక్కలు యూరప్‌కు చేరింది 1370ల ప్రాంతంలో. కప్పులు, కత్తులు, నాణేలు, కర్రలు అనే నాలుగు గుర్తులున్న ఆ పేకకు 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీ వాళ్లు బొమ్మల ముక్కల వరస ఒకటి అదనంగా చేర్చారు. చక్రవర్తి, పోపు, ప్రేమికులు, అదృష్టచక్రం, మృత్యువు, చంద్రుడు, సూర్యుడు... ఇలా సాగే ఆ వరస పని మిగతా ముక్కల్ని కొట్టడం. మన పేకాట భాషలో చెప్పాలంటే అవి తురుపు ముక్కలు. వాటిని ‘ట్రియోన్ఫీ’, అంటే విజయాలు, అని పిలిచేవారు. ఇంగ్లిషులోని ‘ట్రంప్’ ఆ మాటకు బంధువే. మిలాన్‌ను ఏలిన విస్కోంతి, స్ఫోర్జా కుటుంబాల కోసం బంగారు రేకు అద్ది చేసిన ఓ పేకలో 74 ముక్కలు నేటికీ ఉన్నాయి. వాటిలో 35 న్యూయార్క్‌లోని మోర్గాన్ లైబ్రరీలో, 26 బెర్గామోలోని కరారా అకాడమీలో, 13 ఒక ఇటలీ కుటుంబం దగ్గర భద్రంగా ఉన్నాయి. ఫ్రాన్స్‌లో ఇప్పటికీ టారో అంటే నలుగురు కూర్చుని ఆడుకునే ఆటే.

మరి ఆటముక్కలకు మహిమ ఎక్కడి నుంచి అంటింది? 1781లో పారిస్‌లో ఆంత్వాన్ కూర్ ద జెబెలాఁ అనే పండితుడు తన బృహద్గ్రంథం ఎనిమిదో సంపుటంలో ఓ మాట రాశాడు. ఈ బొమ్మలు ప్రాచీన ఈజిప్టు పూజారుల రహస్య జ్ఞానమనీ, అది పేక రూపంలో దాగి ఉందనీ ఆయన అన్నాడు. అప్పటికి ఈజిప్టు చిత్రలిపిని చదవగలిగినవారు భూమ్మీద ఒక్కరూ లేరు. ఫ్రెంచి పండితుడు షాంపోలియోఁ దాని గుట్టు విప్పింది 1822లో. చదవడం వచ్చాక చూస్తే ఆ రాతల్లో టారో ఊసే లేదు. ఈలోగా ఎతెయా అన్న పేరుతో ప్రసిద్ధుడైన పారిస్ జోస్యగాడు 1789లో జోస్యానికే ప్రత్యేకంగా ఓ పేక అచ్చువేయించాడు. ఆక్స్‌ఫర్డ్ తత్వవేత్త మైకేల్ డమ్మెట్ 1980లో తెచ్చిన పెద్ద పుస్తకంలో ఈ చరిత్రంతా పత్రాల ఆధారంగా తేల్చిచెప్పాడు. మూడు వందల ఏళ్లకు పైగా ఆటగానే ఉన్న ముక్కలకు జోస్యం తర్వాత తొడిగిన వేషం. ఇది తెలిస్తే కొత్తగా పేక పట్టుకునేవారికి సగం భయం పోతుంది. శాపాలూ రహస్యాలూ ఏవీ ఆ పెట్టెలో లేవు.

> 78 ముక్కల లెక్క
>
> • పెద్ద వరస (మేజర్ ఆర్కానా): 22 ముక్కలు. సున్నా అంకె ఉన్న ‘ఫూల్’తో మొదలై ‘వరల్డ్’తో ముగుస్తుంది.
>
> • చిన్న వరస (మైనర్ ఆర్కానా): 56 ముక్కలు. నాలుగు గుర్తులు, ఒక్కోదానికి 14.
>
> • కప్పులను అనుబంధాలు, భావాలకు; కర్రలను ఉత్సాహం, పనికి; కత్తులను ఆలోచన, సంఘర్షణకు; నాణేలను డబ్బు, ఒళ్లు, ఇల్లు వంటి వాటికి సంకేతాలుగా చెప్పుకోవడం ఆనవాయితీ.
>
> • మన పేకలో రాజు, రాణి, జాకీ ఉంటే టారోలో రాజు, రాణి, గుర్రపు రౌతు, పరిచారకుడు ఉంటారు.

కథలు చెప్పే అమ్మాయి వేసిన బొమ్మలు

ఈరోజు ప్రపంచంలో ఎక్కువమంది చేతుల్లో ఉన్న పేక 1909 డిసెంబరులో లండన్‌లో వెలువడింది. విలియం రైడర్ అండ్ సన్ అనే సంస్థ ప్రచురించింది, మార్మిక విషయాల రచయిత ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ రూపకల్పన చేశాడు. అందుకే చాలాకాలం దాన్ని రైడర్-వెయిట్ పేక అనే పిలిచారు. బొమ్మలన్నీ వేసిన పమేలా కోల్మన్ స్మిత్ పేరు పేకకు ఎక్కలేదు. ప్రతి ముక్క మూలనా చిన్న మెలికలా కనిపించే సంతకమే ఆమె గుర్తు. 1878లో పుట్టిన పమేలా బాల్యంలో కొంత జమైకాలో గడిచింది. అక్కడ విన్న అనాన్సీ సాలీడు కథల్ని 1899లో పుస్తకంగా తెచ్చింది. లండన్‌లో నాటకాల రంగాలకూ దుస్తులకూ బొమ్మలు గీసింది. నలుగురిలో కూర్చుని జమైకా యాసలో కథలు చెప్పి మెప్పించింది. పేక పని పూర్తయ్యాక స్నేహితుడికి రాసిన ఉత్తరంలో, పని చాలా పెద్దది, ముట్టింది చాలా తక్కువ అని వాపోయింది. 1951లో ఇంగ్లండ్ పడమటి తీరంలోని బ్యూడ్ అనే చిన్న ఊళ్లో అప్పులతో కన్నుమూసింది. ఆమె బొమ్మలు కోట్ల చేతులు మారిన సంగతి చూడకుండానే వెళ్లిపోయింది. ఇప్పుడిప్పుడే ఆ పేకను రైడర్-వెయిట్-స్మిత్ అంటున్నారు. ఆ మూడో పేరు చేర్చి పలకడం కనీస న్యాయం.

పమేలా పని గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. అంతకుముందు వాడుకలో ఉన్న పేకల్లో చిన్న వరస ముక్కలు మన ఇస్పేటు ఏడు, ఆఠీను ఐదులాగే ఉండేవి. ఐదు కప్పులంటే ఐదు కప్పుల బొమ్మలు, అంతే. పమేలా ఆ ముక్కల్లో చాలావాటిలో మనుషుల్ని పెట్టింది. ‘ఫైవ్ ఆఫ్ కప్స్’లో నల్లటి అంగీ కప్పుకున్న మనిషి తల వంచుకుని నిలబడ్డాడు. ముందు మూడు కప్పులు ఒలికిపోయాయి. వెనక రెండు నిలిచే ఉన్నాయి, అతను వాటిని చూడటం లేదు. ‘ఎయిట్ ఆఫ్ స్వోర్డ్స్’లో ఓ స్త్రీ. కళ్లకు గంతలు, చేతులు కట్టేసి ఉన్నాయి, చుట్టూ ఎనిమిది కత్తులు. కాళ్లకు మాత్రం కట్లు లేవు. ‘సిక్స్ ఆఫ్ స్వోర్డ్స్’లో కత్తులు గుచ్చిన పడవ మీద ఓ తల్లీ బిడ్డా ముడుచుకు కూర్చున్నారు, పడవవాడు గడవేస్తున్నాడు. ఏం జరిగిందో బొమ్మ చెప్పదు. నాటకరంగం తెర లేచిన క్షణంలా సగం కథ పెట్టి ఆగిపోతుంది. ఆ మిగతా సగం చూసేవారే పూరించాలి. టారోతో ఆత్మపరిశీలన సాధ్యమయ్యేలా చేసింది వెయిట్ రాసిన మార్మిక వ్యాఖ్యానాల కంటే ఈ కథకురాలు వదిలిపెట్టిన ఖాళీయే.

సోదికి పోతే ఏం బయటపడింది?

ఖాళీని ఎవరు పూరిస్తారన్నది అసలు కీలకం. ఫోన్‌లోని గొంతు పూరిస్తే ఏమవుతుందో 1948లోనే ఓ తరగతి గదిలో తేలింది. బెర్‌ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త తన 39 మంది విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టాడు. తర్వాత ఎవరి ఫలితం వారికి చీటీలో ఇచ్చి, ఎంత సరిపోయిందో ఐదుకు మార్కులు వేయమన్నాడు. సగటున 4.26 వేశారు. తీరా చూస్తే అందరికీ ఇచ్చింది ఒకే చీటీ. అందులోని వాక్యాల్లో చాలావరకు రోడ్డు పక్క దుకాణంలో కొన్న జ్యోతిషం పుస్తకంలోవి. పైకి ధీమాగా ఉన్నా లోపల బెంగపడతారు, ఒక్కోసారి తీసుకున్న నిర్ణయం సరైనదేనా అని మథనపడతారు అనే తరహా మాటలు. ఇవి ఎవరికి తగలవు? రాత్రి పదకొండున్నరకు మధ్య దొంతర ఎంచుకున్న అమ్మాయికీ అబ్బాయికీ గుండెకు తగిలిన రెండు మాటలు ఇలాంటివే. మిగతా ఎనిమిది మాటలు తెల్లారేసరికి గుర్తుండవు.

ఇది తెలుగువారికి కొత్త అనుభవం కాదు. కొత్తగా వచ్చింది టారో అన్న పేరు మాత్రమే. రోడ్డు పక్క చెట్టు కింద పంజరంలోంచి బయటికొచ్చిన చిలక ఓ కవరు లాగితే, అందులోని దేవుడి బొమ్మ చూసి చిలకజోస్యుడు చెప్పే పద్ధతి మనకెరికే. ఎరుకలసాని చేతిలో కర్ర ఆడిస్తూ సోది చెప్పడమూ తెలుసు. కూర్చున్న మనిషి ముఖకవళికలు చూసి మాట తిప్పుకోవడం ఆ విద్యలో భాగమని మన పెద్దలకు తెలుసు. అదే ‘సోది’ అన్న మాటకు వాడుకలో అర్థంపర్థం లేని వాగుడు అన్న అర్థం స్థిరపడిందంటే, విన్నవాళ్లు ఎంతవరకు నమ్మారో భాషే చెబుతోంది. అయితే అదే భాషలో ఇంకో సామెత ఉంది. సోదికి పోతే పాత రంకంతా బయటపడిందట. మాట మోటుగా ఉన్నా అందులో గొప్ప పరిశీలన ఉంది. సోదమ్మ తెచ్చిపెట్టిన కొత్త సంగతి ఏదీ లేదు. వచ్చిన మనిషి లోపల దాచుకున్నదే బయటికొచ్చింది. ఇప్పుడు ఆ సోదమ్మను పక్కకు తప్పించండి. ఎదురుగా ఏమీ తెలియని ఓ బొమ్మ ఉంచి, లోపల ఉన్నదాన్ని మనమే బయటపెట్టుకుంటే ఎలా ఉంటుంది?

> మన బొమ్మల పేక: గంజీఫా
>
> బాబరు తన ఆత్మకథలో 1527లో ఓ మిత్రుడికి గంజీఫా పేక పంపినట్టు రాసుకున్నాడు. మొగలుల గంజీఫాలో 96 గుండ్రటి ముక్కలు. మన దగ్గర అది దశావతార గంజీఫాగా మారింది: పది అవతారాలు, ఒక్కోదానికి 12 చొప్పున 120 ముక్కలు. తెలంగాణలోని నిర్మల్ చిత్రకారులూ ఈ ముక్కలపై బొమ్మలు వేసేవారు. మీనం, కూర్మం, నరసింహుడి బొమ్మలున్న ముక్కల్ని ఇక్కడివాళ్లు ఆటగానే ఆడుకున్నారు.

బొమ్మ ఒకటే, కథలు వేరు

సైన్యంలో అధికారి కావాలని సర్వీసెస్ సెలెక్షన్ బోర్డు ఇంటర్వ్యూకు వెళ్లిన తెలుగు కుర్రాళ్లకు, బొమ్మను చూసి చెప్పే కథ మనలోంచే వస్తుందన్న ఈ సూత్రం బాగా తెలుసు. అక్కడి మానసిక పరీక్షలో మసకబారిన బొమ్మను 30 సెకన్లు తెర మీద చూపిస్తారు. నాలుగు నిమిషాల్లో కథ రాయాలి. అలా పదకొండు బొమ్మలు, పన్నెండోది ఖాళీ తెర. హార్వర్డ్‌లో హెన్రీ మర్రే, క్రిస్టియానా మోర్గన్ 1935లో వెలువరించిన పద్ధతికి ఇది మారురూపం. కిటికీ దగ్గర నిలబడ్డ మనిషిని చూసి ఒకరు ప్రయాణం కథ రాస్తారు, ఇంకొకరు ఎడబాటు కథ రాస్తారు. బొమ్మ ఇద్దరికీ ఒకటే కాబట్టి తేడా అంతా రాసినవారిదే. అలా రాసిన కథల నుంచి మనిషి స్వభావాన్ని కచ్చితంగా కొలవగలమా అన్నదానిపై మనస్తత్వ శాస్త్రవేత్తల్లో గట్టి విమర్శలున్నాయి. ఆ విమర్శ కొలవాలనుకునే పరీక్షకుడికి వర్తిస్తుంది. తన కథను తాను చదువుకునేవారికి కొలతతో పనిలేదు. నేను ఎడబాటు కథే ఎందుకు రాశాను అని తనను తాను ప్రశ్నించుకుంటే చాలు.

దీనికి తోడయ్యే ఆధారాలు మరో రెండున్నాయి. మనస్తత్వ శాస్త్రవేత్త ఈథన్ క్రాస్ బృందం 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఒత్తిడి వేళ తమతో తాము మాట్లాడుకునేటప్పుడు ‘నేను’ అనకుండా తమ పేరుతో తమను పిలుచుకున్నవారు కాస్త నిబ్బరంగా ఉండగలిగారు. బాధకూ మనకూ మధ్య జానెడు ఎడం ఏర్పడితే చూపు తేటపడుతుంది. ‘ఆ నల్ల అంగీ మనిషి వెనక్కి తిరగడం లేదు’ అని చెప్పడం ‘నేను మొండిగా ఉన్నాను’ అనడం కంటే తేలిక. మొదటి వాక్యం వచ్చాక రెండోది తనంత తానే వస్తుంది. ఇక రాత సంగతి. మనస్తత్వ పరిశోధకులు జేమ్స్ పెన్నెబేకర్, సాండ్రా బీల్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో, తమను కలచివేసిన అనుభవాల్ని రోజుకు 15 నిమిషాల చొప్పున నాలుగు రోజులు రాసిన విద్యార్థులు ఆ తర్వాతి నెలల్లో వైద్యకేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. రాసిన వెంటనే వాళ్ల మనసు తేలిక పడలేదు, ఇంకా బరువెక్కింది. తర్వాతి అధ్యయనాల్లో ఈ మేలు అంత పెద్దదేమీ కాదనీ, అందరికీ ఒకేలా ఉండదనీ తేలింది. కాబట్టి పేక పట్టినవారు వాగ్దానాలు తగ్గించుకోవాలి. మబ్బుగా ఉన్న ఆలోచనను మాటల్లో పెట్టడం ఎంతో కొంత సాయం చేస్తుంది. దానికి మించి ఆశించకూడదు.

మొదటిసారి కూర్చునేవారికి

అర్థాలన్నీ బట్టీపట్టనక్కర్లేదు. పమేలా బొమ్మల పేక ఒకటి, నోటుపుస్తకం, పెన్ను, ఇరవై నిమిషాల నిశ్శబ్దం చాలు. ముందు ప్రశ్న రాసుకోవాలి. ఇక్కడే సగం పని జరుగుతుంది. ఓ అమ్మాయికి అమెరికాలో ఎమ్మెస్ సీటు వచ్చిందనుకుందాం. చేతిలో హైదరాబాద్ ఉద్యోగం ఉంది, వెళ్లాలంటే ఇల్లు తాకట్టు పెట్టి అప్పు చేయాలి. ‘నాకు వీసా వస్తుందా?’ అని పేకను అడిగితే ప్రయోజనం లేదు. ఆ జవాబు కాన్సులేటులో ఉంది. ‘వెళ్లనా, మాననా?’ అన్నదీ పేక తేల్చేది కాదు. ‘వెళ్లే ఆలోచనలో నన్ను వెనక్కి లాగుతున్నదేమిటి?’ అని రాసుకుంటే, ఆ ప్రశ్నకు జవాబు తెలిసిన మనిషి ఆ గదిలోనే ఉంది.

తర్వాత పేక కలిపి, కోసి, మూడు ముక్కలు వరసగా బోర్లించాలి. గతం, వర్తమానం, భవిష్యత్తు అని చదవడం పాత పద్ధతి. భవిష్యత్తు అన్న మాట వింటేనే జోస్యం వాసన వేస్తుంది కాబట్టి మొదలుపెట్టేవారు వేరే పేర్లు పెట్టుకోవడం మేలు: ఇప్పుడున్న స్థితి, అడ్డం పడుతున్నది, నా చేతిలో ఉన్న ఒక అడుగు. ఒక్కో ముక్క తిప్పి, అర్థాల పుస్తకం తెరవకుండా, ముందు కంటికి కనిపించింది కనిపించినట్టు రాయాలి. ఎవరున్నారు, ఎటు చూస్తున్నారు, చేతిలో ఏముంది, వెనక ఏముంది? తర్వాత ఒక్క వాక్యం: ఈ బొమ్మలో నేనెక్కడ ఉన్నాను? మన అమ్మాయికి రెండో చోట ‘సిక్స్ ఆఫ్ స్వోర్డ్స్’ వచ్చిందనుకుందాం. పడవలో వెళుతున్న తల్లీ బిడ్డలుగా తనను చూసుకోవచ్చు. అలా కాక ‘ఒడ్డున మిగిలిపోయిన మనిషి ఈ బొమ్మలో లేడు’ అని రాసిందంటే, ఆమెను వెనక్కి లాగుతున్నది అప్పు కాకపోవచ్చు, ఒంటరిగా మిగిలే నాన్న కావచ్చు. బొమ్మలో లేని మనిషిని చూసింది ఆమె కళ్లే. ఇంకెవరైనా అదే ముక్కను చూసి పడవ ఎంత బరువుగా ఉందో రాసేవారు. కత్తుల్ని పీకేస్తే పడవలోకి నీళ్లు వస్తాయేమోనని ఆలోచించేవారు. చివరగా మూడో ముక్క దగ్గర ఒక్క పని రాసుకోవాలి. వారంలోపు చేయగలిగింది, చిన్నది, పేరు పెట్టి చెప్పగలిగింది. ‘ఆదివారం నాన్నతో ఈ విషయం ఎత్తాలి’ లాంటిది.

> ప్రశ్న తిరగరాసుకుంటే
>
> • ‘అతను నన్ను ప్రేమిస్తున్నాడా?’ → ‘ఈ బంధంలో నేను అడగడానికి వెనకాడుతున్నదేమిటి?’
>
> • ‘ప్రమోషన్ వస్తుందా?’ → ‘ఈ పనిలో నాకు తృప్తినిస్తున్నదేది, అలసట తెస్తున్నదేది?’
>
> • ‘మా అత్తగారు మారతారా?’ → ‘ఈ ఇంట్లో నేను మార్చగలిగిన ఒక్క విషయం ఏమిటి?’
>
> • ‘నా టైం ఎప్పుడు బాగుపడుతుంది?’ → ‘ఈ నెలలో నేను గమనించకుండా వదిలేసిన మంచి ఏది?’

కాదనేవారి మాట

హేతువాదులు అడిగే ప్రశ్న సబబైనదే. ఆత్మపరిశీలన పేరుతో మూఢనమ్మకాన్ని దొడ్డిదారిన ఇంట్లోకి తెస్తున్నారు కదా అంటారు వాళ్లు. ఆ ప్రమాదం నిజంగానే ఉంది, దాన్ని పట్టుకునే గుర్తూ ఉంది. వచ్చిన ముక్క నచ్చక పేక మళ్లీ కలిపి మళ్లీ తీశారంటే, ఆ క్షణానే జోస్యంలోకి జారినట్టు. బొమ్మను బొమ్మగా చూసేవారికి నచ్చని ముక్కంటూ ఉండదు. కష్టమైన బొమ్మ ఎక్కువ మాట్లాడిస్తుంది కూడా. ‘డెత్’ ముక్క చూసి వణికేవారు దాని బొమ్మను నింపాదిగా చూడాలి. తెల్ల గుర్రం మీద అస్థిపంజరం, చేతిలో తెల్ల గులాబీ ఉన్న జెండా, దూరంగా రెండు బురుజుల నడుమ సూర్యుడు. ఇటలీ పేకాటలో అది ఒక తురుపు ముక్క. అది ఎవరింటికీ చావు కబురు మోసుకురాలేదు.

అంత చేసే బదులు డైరీ రాసుకోవచ్చు కదా, పేక దేనికి అన్నది రెండో ప్రశ్న. డైరీ అలవాటున్నవారికి పేక అక్కర్లేదన్నది నిజమే. కానీ తెల్లకాగితం ముందు కూర్చుంటే చాలామంది నిన్న తొక్కిన దారే ఇవాళా తొక్కుతారు, అవే ఫిర్యాదులు అదే వరసలో రాస్తారు. మనం ఎంచుకోని బొమ్మ ఒకటి ఎదుటపడితే ఆ దారి తప్పక మారుతుంది. సంగీతకారుడు బ్రయాన్ ఈనో, చిత్రకారుడు పీటర్ ష్మిట్ 1975లో తెచ్చిన ‘ఆబ్లిక్ స్ట్రాటజీస్’ కార్డుల ఉద్దేశం అదే: పని ముందుకు సాగనప్పుడు ఒకటి తీసి అందులోని సూచన ప్రకారం ప్రయత్నించడం. ఇటలీ రచయిత ఇటాలో కాల్వినో టారో ముక్కల్ని బల్ల మీద పరిచి, ఆ బొమ్మల వరసల నుంచే కథలు అల్లి 1973లో నవలగా తెచ్చాడు. వీళ్లెవరూ ముక్కకు దివ్యదృష్టి ఉందనలేదు. యాదృచ్ఛికతను పనిముట్టుగా వాడుకున్నారు. అదే పని రవివర్మ బొమ్మల క్యాలెండరుతోనూ, పాత పెళ్లి ఫొటోలతోనూ చేయొచ్చు. టారోకున్న సౌలభ్యమల్లా దుఃఖం, పనితనం, పోట్లాట, ప్రయాణం, పండగ... అన్నీ ఒకే పెట్టెలో దొరకడం.

ఇది మన సంప్రదాయం కాదు కదా అనేవారూ ఉన్నారు. దశావతారాల్ని ఆటముక్కల మీద వేసుకున్న సమాజం మనది. మనకు పేకా పరాయిది కాదు, బొమ్మలూ పరాయివి కావు. పూజగా భావించి చేస్తే ఎవరి విశ్వాసంతోనైనా చిక్కు రావచ్చు. బొమ్మ చూసి రాసుకునే అభ్యాసంగా చేసినప్పుడు దేనితోనూ పేచీ ఉండదు. అయినా మనసు ఒప్పకపోతే మానేయడమే సరైన పని.

ఎక్కడ ఆపాలి?

ఆత్మపరిశీలన అతిగా సాగితే అది మనసును తొలిచే పురుగవుతుంది. అదే బాధను అదే కోణంలో తిరగేసి మరగేసి నెమరువేసుకోవడం కుంగుబాటును పెంచుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త సూజన్ నోలెన్-హోక్సిమా ఏళ్ల తరబడి పరిశోధించి చూపారు. ఒకే ప్రశ్న మీద రోజూ ముక్కలు తీయడం అచ్చంగా ఆ నెమరువేతే. వారానికి ఒకసారి, ప్రశ్నకు ఒకసారి, చివర ఒక పని అన్న హద్దు అందుకే. ఆరోగ్యం, కోర్టు వ్యవహారం, పెట్టుబడి, పిల్లల చదువు వంటివి ముక్కల మీద తేల్చుకునేవి కావు. నిద్ర, తిండి తప్పి, బతుకు మీద విరక్తి కలుగుతున్నవారు పేక పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

రెండో ప్రమాదం బయటి నుంచి వస్తుంది. భయంలో ఉన్న మనిషికి ముక్క చదివిపెడతామనే గొంతు ఆసరాలా అనిపిస్తుంది. మొదటి జోస్యం ఉచితం. రెండోసారి ‘మీ మీద ఎవరి కళ్లో పడ్డాయి’ అంటుంది. మూడోసారి పూజకు డబ్బు అడుగుతుంది. ఇందులో పోయేది డబ్బొక్కటే కాదు. తన బొమ్మకు తానే కథ చెప్పుకోగల శక్తిని మనిషి ఇంకొకరి చేతిలో పెట్టేస్తాడు. ముక్క చదివేవారంతా మోసగాళ్లని అనలేం. ఓపిగ్గా వినేవారూ వాళ్లలో ఉంటారు. కానీ మీరు ఎక్కువ మాట్లాడి, వాళ్లు తక్కువ మాట్లాడిన చోటే మీకు మేలు జరుగుతుంది. ఆ లెక్క తిరగబడిన చోటి నుంచి లేచి రావాలి.

> గుర్తుంచుకోండి
>
> • మంత్రతంత్రాలతో, తాయెత్తులతో రోగాలు నయం చేస్తామని ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది.
>
> • ఆన్‌లైన్‌లో మోసపోతే జాతీయ సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి వెంటనే ఫోన్ చేయాలి.
>
> • మనసు బాగాలేనప్పుడు ప్రభుత్వ టెలి-మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేసి మాట్లాడొచ్చు.

నెల తర్వాత

ఈ వాదన నిజమో కాదో తేల్చుకోవడానికి ఎవరి మాటా నమ్మనక్కర్లేదు. నెల రోజుల్లో నాలుగు ఆదివారాలు, నాలుగు వేరు వేరు ప్రశ్నలు, పన్నెండు ముక్కలు. నెల చివర నోటుపుస్తకం మొదటి నుంచి చదివి, పదేపదే వచ్చిన మాటల కింద గీత గీయండి. ఉద్యోగం గురించి రాసిన చోట, స్నేహితురాలి గురించి రాసిన చోట, డబ్బు గురించి రాసిన చోట, అన్నింటా ఎక్కడో ఒకచోట ‘అడగలేకపోయాను’ అన్న మాట ఉందనుకోండి. కలిపి తీసిన ముక్కలు ప్రతిసారీ మారాయి. పడవ వచ్చింది, బురుజు వచ్చింది, కప్పులు వచ్చాయి, కత్తులు వచ్చాయి. ఏ రెండు వారాలూ ఒకే బొమ్మలు రాకపోయినా మాట మారలేదు. అలాంటప్పుడు ఆ మాట పేకలోంచి వచ్చింది కాదు. అది ఇన్నాళ్లూ మీ దగ్గరే ఉంది, ఎవరూ అడగక బయటికి రాలేదు. ఇక ముక్కలు పెట్టెలో సర్దేసి, ఎవరిని అడగలేకపోయారో వాళ్లకు ఫోన్ చేయొచ్చు.